సర్కారు పత్తా లేని చోట వంట ఎవరు చేస్తున్నారు? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పైనుంచి పెత్తనం చేసే సర్కారు లేకుండా జనమే కలిసి తమ పనులు నడుపుకోవాలనే ఆలోచనే అనార్కిజం. పోయిన నెల దాని పుట్టుక మీద వేసిన వ్యాసం 19వ శతాబ్దపు యూరప్ దగ్గర ఆగింది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: ఇప్పటి కాలంలో, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో ఇది ఎక్కడైనా నడుస్తోందా? వాటిలో కొన్నిటికి ఈ నెల జవాబులు.

నేను దమ్మామ్‌లో పని చేస్తున్నాను, మాది జగిత్యాల దగ్గర పల్లె. నా రూంలో ఉండే సూడాన్ అతను జీతం పడగానే కొంత డబ్బు ఫోన్‌లోనే ఖార్తూమ్‌లో వాళ్ళ బస్తీ వంటశాలకి పంపుతాడు. గవర్నమెంటుదా అంటే కాదంటాడు, ఎన్జీవోదా అంటే అదీ కాదంటాడు. మరి అది ఎవరిది? ఆ డబ్బు నిజంగా అన్నం అవుతుందా?

చాలావరకు అవుతుంది, అతన్ని అనుమానించకండి. అతను పంపేది బహుశా వాళ్ళ బస్తీ ఎమర్జెన్సీ రూమ్‌కి, అంటే బస్తీ జనమే నడుపుకునే సహాయ బృందానికి. 2023 ఏప్రిల్ 15న సూడాన్ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలటరీ దళానికీ మధ్య ఖార్తూమ్ నగరం నడిబొడ్డునే యుద్ధం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఎంబసీలు ఖాళీ అయ్యాయి, పెద్ద సహాయ సంస్థల విదేశీ సిబ్బంది వెళ్ళిపోయారు, ఆసుపత్రులు చాలావరకు మూతపడ్డాయి. వెళ్ళడానికి డబ్బూ దారీ లేక మిగిలిపోయిన జనానికి వాళ్ళ వీధి కుర్రాళ్ళూ, నర్సులూ, టీచర్లూ, ఇంటి ఆడవాళ్ళే దిక్కయ్యారు. ఎవరింట్లో ఏ మందులున్నాయి, ఎవరికి డయాలసిస్ అవసరం, ఏ సందులోంచి వెళ్తే తూటా తగలదు, తెగిన కరెంటు తీగ ఎవరు కలపగలరు, ఇవన్నీ తెలిసింది వాళ్ళకే.

ఇది ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చింది కాదు. 2018 డిసెంబర్‌లో రొట్టె ధర పెరిగినప్పుడు లేచిన ఉద్యమం 2019 ఏప్రిల్ 11న ఒమర్ అల్ బషీర్ ముప్పై ఏళ్ళ పాలనని కూల్చింది. దాన్ని వీధి వీధినా నడిపినవి ప్రతిఘటన కమిటీలు. 2021 అక్టోబర్ 25న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నప్పుడు ఈ కమిటీలు సైన్యంతో చర్చలు లేవు, భాగస్వామ్యం లేదు, గుర్తింపు ఇచ్చేది లేదు అని మూడు ముక్కల్లో తేల్చి చెప్పాయి. తర్వాతి ఏడాది బస్తీల్లో కూర్చుని చర్చించి చార్టర్లు రాసుకున్నాయి, అందులో ముఖ్యమైన సంగతి ఏమిటంటే అధికారం స్థానిక మండళ్ళ దగ్గర మొదలై పైకి వెళ్ళాలి, రాజధాని నుంచి కిందికి రాకూడదు. యుద్ధం వచ్చేసరికి అదే మనుషులు, అవే ఫోన్ నంబర్లు, అదే నమ్మకం వంట గిన్నెల దగ్గరికి చేరాయి. దానికి తోడు అక్కడ నఫీర్ అని పాత అలవాటు ఒకటుంది, ఒకరి పంట కోతకో ఇల్లు కట్టడానికో వరద వచ్చినప్పుడో ఊరంతా పిలుపు అందుకుని వచ్చి పని చేసిపెడుతుంది. వంటశాలల్ని తకాయా అంటారు, సూఫీ మఠాల్లో దారిన పోయేవాళ్ళకి అన్నం పెట్టే పద్ధతి అది.

డబ్బు ఎక్కువగా బ్యాంక్ ఆఫ్ ఖార్తూమ్ వాళ్ళ బంకక్ అనే యాప్‌లో వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న మీ రూమ్మేట్ లాంటివాళ్ళ పైసలే మొదటి నెలల్లో ప్రాణం నిలబెట్టాయి. ఏ బస్తీకి ఏం కావాలో ఆ బస్తీ వాళ్ళే నిర్ణయించుకుంటారు, పైన ఉన్న సమన్వయ మండలి వాళ్ళకి హుకుం జారీ చేయదు, డబ్బు పంచే పని చూస్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. ఆకలితో ఉన్నవాడిని లైన్లో నిలబెట్టి ఫారం నింపమనే బదులు, ఆ లైన్లో ఉన్నవాడే రేపు గరిటె పట్టుకుంటాడు.

కానీ కష్టం కూడా చెప్పాలి. రెండు సైన్యాలూ ఈ వాలంటీర్లని అవతలి పక్షం మనుషులంటూ పట్టుకెళ్ళాయి, కొట్టాయి, కొందరిని చంపేశాయి. 2024 ఫిబ్రవరిలో నెట్‌వర్క్ పోయినప్పుడు యాప్ పని చేయక వంటశాలలు ఆగిపోయాయి. 2025 మొదట్లో అమెరికా తన విదేశీ సాయం ఒక్కసారిగా నిలిపేసినప్పుడు వెయ్యికి పైగా వంటశాలలకి తాళం పడింది, అంటే సర్కారుతో సంబంధం లేకుండా నడుస్తున్నాయనుకున్న పొయ్యిల్లో చాలావాటికి కట్టెలు ఇంకో దేశపు సర్కారు నుంచే వచ్చేవి. 2025లో వీళ్ళకి నార్వేలో రాఫ్తో బహుమతి, స్వీడన్‌లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చాయి. సంతోషమే. అదే ఏడాది అక్టోబర్‌లో ఏడాదిన్నర ముట్టడి తర్వాత ఎల్ ఫాషర్ నగరం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ చేతికి చిక్కింది, అక్కడ వంటశాలలు నడిపినవాళ్ళూ అప్పుడు జరిగిన ఊచకోత మధ్యలోనే ఉన్నారు.

మీరు కూడా ఓ పది రియాళ్ళు వేద్దామనుకుంటే అతని చేతికే ఇవ్వండి. అతనికి ఆ వీధిలో మనుషులు తెలుసు.

మా తాతగారు రాడికల్ హ్యూమనిస్టు, తెనాలిలో వాళ్ళ మీటింగుల గురించి వింటూ పెరిగాను. నా అభ్యంతరం ఏంటంటే, సూడాన్ వాళ్ళు గానీ మెక్సికో జపతిస్తాలు గానీ తాము అనార్కిస్టులమని చెప్పుకోరు. చెప్పుకోని వాళ్ళకి ముద్ర వేయడం సబబేనా?

మంచి అభ్యంతరం. ముద్ర వేయకూడదు, నేనూ వేయను. జపతిస్తాలైతే, అంటే మెక్సికో చియాపాస్ రాష్ట్రంలోని ఆదివాసీ తిరుగుబాటుదారులు, 1994 జనవరి 1న లేచినప్పటి నుంచీ ఎవరి చట్రంలోనూ ఇమడమని చెబుతూనే ఉన్నారు.

చెప్పుకునే వాళ్ళూ ఉన్నారు. నైజీరియాలో అవేర్‌నెస్ లీగ్ అనే సంఘం సైనిక నియంతృత్వం రోజుల్లో బాహాటంగానే అనార్కో సిండికలిస్టు సంఘంగా, అంటే కార్మిక సంఘాల దారిలో నడిచే అనార్కిస్టు సంఘంగా పనిచేసింది, 1996లో ఆ భావాల అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలో చేరింది. దాని ముఖ్యుల్లో ఒకరైన సామ్ ఎంబా 2014లో చనిపోయారు. ఆయన వాదన ఏంటంటే ఆఫ్రికాలో ఇగ్బోల్లాంటి జనం రాజు లేకుండా గ్రామసభలతో, వయసు బృందాలతో బతికిన చరిత్ర ఉంది కాబట్టి ఈ ఆలోచన తమకి దిగుమతి సరుకు కాదని. ఆ పాత సమాజాల్లో ఆడవాళ్ళ స్థానం, పెద్దల పెత్తనం లాంటి లోపాలు కూడా ఆయన దాచలేదు. అందుకే నాకు ఆయన మీద గౌరవం.

ఇంకొకరు ఒమర్ అజీజ్, సిరియా. డమాస్కస్‌లో పుట్టిన ఆర్థికవేత్త, ఇంచుమించు రిటైరయ్యే వయసులో విదేశీ ఉద్యోగం వదిలి 2011లో తిరుగుబాటు మొదలవగానే సొంత నగరానికి తిరిగొచ్చారు. జనం పగలంతా ప్రదర్శనల్లో పాల్గొని సాయంత్రానికి మళ్ళీ సర్కారు నీడలోనే బతుకుతున్నారు, ఇలా అయితే అలసిపోతారు, బతుకుతెరువు కూడా తిరుగుబాటు లోపలికే రావాలి అన్నారు. అందుకని ప్రతి ఊళ్ళో స్థానిక మండళ్ళు పెట్టుకోవాలని, నిర్వాసితులకి ఇళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళ కుటుంబాలకి సాయం, సర్కారు లాక్కుంటున్న భూముల రక్షణ ఆ మండళ్ళే చూడాలని రాశారు. జబదానీ లాంటి చోట్ల మొదలైన మండళ్ళు తర్వాత సిరియా అంతటా వందల్లోకి వెళ్ళాయి. ఆయన్ని 2012 నవంబర్‌లో అరెస్టు చేశారు, 2013 ఫిబ్రవరిలో నిర్బంధంలోనే గుండె ఆగి చనిపోయారు. తుపాకులు లేని ఆ మండళ్ళు తర్వాత సాయుధ ముఠాల మధ్య, బ్యారెల్ బాంబుల కింద నలిగిపోయిన తీరు తలచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది.

మీ తాతగారి గురువు ఎం.ఎన్. రాయ్ కూడా 1948లో తన పార్టీని తనే రద్దు చేసి, పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు కదా, ఆయన్నీ అనార్కిస్టు అనలేం. నేను చూసేది మూడు సంగతులు: నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు, ఎన్నుకున్నవాడిని మధ్యలో దించేయగలరా, ఒప్పుకోనివాడిని ఏం చేస్తారు. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి.

మాది గుంటూరు జిల్లా, మిర్చి రైతు కుటుంబం. ఇండోనేషియాలో నల్లబట్టలు కట్టుకుని ముసుగులేసుకుని తిరిగేవాళ్ళే అనార్కిస్టులని టీవీలో చూశాను. అలాంటి అల్లరి మూకల వల్ల మాలాంటి వాళ్ళకి ఒరిగేదేంటి?

మీరు మిర్చి రైతులు కాబట్టి మీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. జావా ద్వీపంలో యోగ్యకర్త దగ్గర కులోన్ ప్రోగో అనే సముద్రతీర జిల్లా. ఒకప్పుడు ఉత్త ఇసుక. అక్కడి రైతులు పేడ వేసి, బావులు తవ్వి, గాలికి అడ్డంగా చెట్లు పెంచి ఆ ఇసుకలో మిరప, పుచ్చ పండించారు. దళారులు ధర నొక్కేయకుండా ఊళ్ళోనే వేలం పెట్టుకున్నారు, అందరి కాయా ఒకచోట పోస్తారు, వ్యాపారులు ధర చీటీ రాసి పెట్టెలో వేస్తారు, ఎక్కువ రాసినవాడికి సరుకు. ఇంతలో ఆ ఇసుకలో ఇనుము ఉందని గనుల కంపెనీ దిగింది, ఆ భూమి తమ వంశానిదని స్థానిక రాజకుటుంబం అంది. రైతులు 2006లో సంఘం కట్టుకుని పార్టీలనీ ఎన్జీవోలనీ దూరం పెట్టి పోరాడారు. వాళ్ళ నినాదం, నాటడమే ఎదిరించడం. ఒక రైతు 2011లో జైలుకి కూడా వెళ్ళాడు. మీరు టీవీలో చూసిన ఆ నల్లబట్టల కుర్రాళ్ళు ఉన్నారే, వాళ్ళలో చాలామంది అక్కడికి వెళ్ళి రైతులతో పాటు మిరప నాటారు, కళ్ళంలో పడుకున్నారు, ఊరి పండగలకి వెళ్ళారు, నేర్పడానికి కాకుండా నేర్చుకోవడానికి వెళ్ళారు.

నగరాల్లో వాళ్ళ పని వేరు. రోడ్డు పక్క వంట చేసి ఉచితంగా పెడతారు, చిన్న లైబ్రరీలు నడుపుతారు, కూల్చివేతల్లో ఇళ్ళు పోయేవాళ్ళ పక్కన నిలబడతారు. గోడల మీద రాస్తారు, కొందరు అద్దాలు పగలగొడతారు, అదీ నిజమే, అద్దాలు పగలగొడితే ఏ కార్మికుడికీ జీతం పెరగదని నా అభిప్రాయం. కానీ 2019 మే డే నాడు బాండుంగ్‌లో పోలీసులు ఆరు వందల మందికి పైగా పట్టుకుని, అందులో పిల్లలు కూడా ఉన్నారు, చొక్కాలు విప్పించి గుండ్లు కొట్టించారు. టీవీలో ముసుగులు చూపించారు, ఆ గుండ్లు కొట్టించిన దృశ్యం కూడా మీకు చూపించి ఉండాల్సింది.

మైక్రోఫైనాన్స్ అప్పుల బాధ మా కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి బాగా తెలుసు. ప్రభుత్వం వద్దు అనడం అంటే మమ్మల్ని ఆ కంపెనీలకి అప్పగించడమే కదా?

కాదమ్మా. కంపెనీ పెత్తనం కూడా పెత్తనమే, దాన్ని వదిలేసి సర్కారునొక్కదాన్నే తిట్టేవాళ్ళు అనార్కిస్టులు కారు, వాళ్ళు వ్యాపారుల మనుషులు. బొలీవియాలో ముహేరెస్ క్రియాందో అని ఆడవాళ్ళ సంఘం ఉంది, లా పాజ్‌లో 1992లో మొదలైంది, గోడల మీద గుండ్రటి చేతిరాతతో నినాదాలు రాయడం వాళ్ళ గుర్తు. 2001లో చిన్న అప్పులు తీర్చలేని వేలమంది, ఎక్కువమంది ఆడవాళ్ళే, దేశం నలుమూలల నుంచి రాజధానికొచ్చి నెలల తరబడి కూర్చున్నారు. చివరికి జులైలో బ్యాంకుల్ని పర్యవేక్షించే ఆఫీసునే చుట్టుముట్టి లోపలికి వెళ్ళారు, కొందరి దగ్గర డైనమైట్ కూడా ఉంది. రక్తపాతం లేకుండా చర్చల దాకా నడిపించడంలో ఆ సంఘం ఆడవాళ్ళ పాత్ర పెద్దది. మన దగ్గర 2010 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చి ప్రభుత్వమే వసూళ్ళకి కళ్ళెం వేసింది, అప్పటి ఆత్మహత్యల తర్వాత అది అవసరమైంది, దాన్ని నేను తప్పు పట్టను. వడ్డీ ఎలా లెక్కేశారో అప్పు తీసుకున్న ఆడవాళ్ళే కూర్చుని పట్టుబట్టి అడగడం అనేది మాత్రం ఏ ఆర్డినెన్సూ మీ తరఫున చేయలేదు.

హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. తుపాకులు పట్టుకున్న కుర్దు అమ్మాయిల ఫొటోలు చూసి పెరిగాం. రొజావాలో ఆడవాళ్ళకి నిజంగా అధికారం ఉందా, ఫొటోల వరకేనా?

ఉంది, ఫొటోల్లో కనిపించని చోట ఎక్కువ ఉంది. 2012 జులైలో అప్పటి సిరియా అధ్యక్షుడు అస్సాద్ సైన్యం ఉత్తర సిరియా కుర్దు పట్టణాలు వదిలి వెళ్ళాక అక్కడ కట్టిన పద్ధతి ఇది: ప్రతి పదవికీ ఇద్దరు, ఒక ఆడ ఒక మగ. మండళ్ళలో ఆడవాళ్ళు కనీసం 40 శాతం. బాల్యవివాహం, రెండో పెళ్ళి చట్టంతో నిషేధం. అన్నిటికన్నా ముఖ్యమైనవి మాలా జిన్, అంటే ఆడవాళ్ళ ఇళ్ళు. భర్త కొట్టినా, విడాకులైనా, ఆస్తి పేచీ అయినా ముందు అక్కడికే వెళ్ళొచ్చు, పెద్దవయసు ఆడవాళ్ళు కూర్చుని ఇద్దర్నీ పిలిపిస్తారు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేని మన అమ్మలక్కలకి అలాంటి ఇల్లు వీధికొకటి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకో.

ఈ ఆలోచన వచ్చిన దారి కూడా తెలుసుకోవాలి. కుర్దిస్తాన్ వర్కర్స్ పార్టీ నాయకుడు అబ్దుల్లా ఒజలాన్‌ని 1999 ఫిబ్రవరిలో నైరోబీలో పట్టుకుని టర్కీ ఇమ్రాలీ ద్వీపంలో ఖైదు చేశారు. అక్కడ ఆయన అమెరికన్ రచయిత ముర్రే బుక్చిన్‌ని చదివి, సొంత కుర్దు రాజ్యం కోసం పోరాడిన మనిషి, అసలు రాజ్యమే వద్దు, సభల సమాఖ్య కావాలి అనే దగ్గరికి వచ్చాడు, 2005లో ప్రకటించాడు. కింది నుంచి కట్టాల్సిన ప్రజాస్వామ్యం ఒక నాయకుడి ఆదేశంగా పైనుంచి వచ్చింది. ఆఫీసు గోడల నిండా ఆయన ఫొటోలే. నాకు ఇది మింగుడు పడదు.

ఇంకా ఉన్నాయి. 2014లోనే నిర్బంధ సైనిక సేవ పెట్టారు, ఇష్టం లేని కుర్రాళ్ళు దేశం వదిలిపోయారు. కొబానీ పట్టణం మీద ఐసిస్ ముట్టడిని 2015 జనవరిలో తిప్పికొట్టింది కుర్దు సేనల త్యాగం, అందులో అనుమానం లేదు, కానీ పైన అమెరికా విమానాలు కూడా ఉన్నాయి, ఆ స్నేహానికి ధర ఉంది. అరబ్బులు ఎక్కువగా ఉన్న దెయిర్ ఎజ్జోర్‌లో 2023 ఆగస్టులో తెగలు ఆ కుర్దు సేనల మీదే తిరగబడ్డాయి, చమురు తమ నేలది, నిర్ణయాలు మాత్రం వేరేవాళ్ళవి అన్నది అక్కడి పాత కోపం. 2018లో కుర్దుల అఫ్రిన్ ప్రాంతం టర్కీ చేతికి పోయింది. 2024 డిసెంబర్‌లో అస్సాద్ పడిపోయాక, 2025 మార్చి 10న అక్కడి వ్యవస్థల్ని దేశ ప్రభుత్వంలో కలిపేందుకు ఒప్పందం మీద సంతకాలయ్యాయి, అదే ఏడాది మేలో ఒజలాన్ పార్టీ తనని తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. జెండాలు, సరిహద్దులు ఎటుపోయినా, పదేళ్ళకి పైగా సభలో కూర్చుని మాట్లాడటం అలవాటైన ఆ ఆడవాళ్ళని మళ్ళీ వంటింట్లోకి పంపడం ఎవరికీ అంత తేలిక కాదు.

రిటైర్డ్ ఉద్యోగిని, విశాఖపట్నం. ఇవన్నీ యుద్ధంలో ఉన్న చోట్ల కబుర్లు. మామూలు ఊళ్ళో దొంగని ఎవరు పట్టుకుంటారు, నిధులు ఎవరు ఖర్చు పెడతారు?

మెక్సికోలో చెరాన్ అనే ఊరు చూడండి సార్. మిచోఅకాన్ రాష్ట్రం, పురేపెచా ఆదివాసులు, జనాభా సుమారు 20 వేలు. మాదకద్రవ్యాల ముఠాల అండతో దొంగలు వాళ్ళ కొండ మీది అడవిని సగానికి పైగా నరికేశారు, అడ్డొచ్చినవాళ్ళని చంపారు, మాయం చేశారు. పోలీసులకి చెబితే పోలీసులే వాళ్ళ మనుషులు. నీటి ఊట దగ్గర చెట్ల మీదికి గొడ్డలి వచ్చేసరికి, 2011 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆడవాళ్ళు రాళ్ళు, టపాసులు పట్టుకుని కలప లారీల్ని ఆపేశారు. చర్చి గంటలు కొట్టారు. ఊరంతా లేచింది. ఆ తర్వాత మేయర్, పోలీసులు, పార్టీలు అన్నీ ఊరు విడవాల్సి వచ్చింది. ప్రతి వీధి మలుపులో రాత్రిళ్ళు కాపలా మంట వేశారు, నెలల తరబడి అక్కడే వంటలు, అక్కడే చర్చలు.

ఇప్పుడు నాలుగు పేటల నుంచి ముగ్గురేసి, మొత్తం 12 మంది పెద్దల మండలి, మూడేళ్ళకోసారి మారుతుంది. ప్రచారం లేదు, పోస్టర్లు లేవు, బ్యాలెట్ లేదు, సభలో అందరి ముందు ఎంచుకుంటారు. ఊరి దళం కాపలా కాస్తుంది, చిన్న తగాదాలు ఊళ్ళోనే తేలుస్తారు, హత్యలాంటివి రాష్ట్ర అధికారులకి పంపుతారు. సొంత నర్సరీ పెట్టి అడవిని మళ్ళీ నాటుతున్నారు. నిధుల సంగతి అడిగారు: వాళ్ళు ప్రభుత్వ బడ్జెట్ తీసుకుంటారు, కోర్టుకెళ్ళి సొంత పద్ధతిలో పాలించుకునే హక్కు సాధించుకున్నారు, 2014లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళ వైపే చెప్పింది. కాబట్టి రాజ్యం బయట బతుకుతున్నారని నేననను. అందరి ముందు ఎంచుకోవడంలో ఇరుగుపొరుగు మొహమాటం, పెద్దింటి ఒత్తిడి ఉంటాయి, అదీ నిజమే. సర్కారు పైసా ముట్టని జపతిస్తాల దారి ఇంకా కష్టం, వాళ్ళు 2023 నవంబర్‌లో ఇరవై ఏళ్ళు నడిపిన తమ పాలక మండళ్ళనే తీసేసి, పైన అధికారం పేరుకుపోతోందని చెప్పి, నిర్ణయాల్ని ఒక్కో ఊరి సభకే దించారు.

మాది ఉట్నూరు వైపు గోండు గూడెం. తుడుందెబ్బ సభల్లో "మావ నాటె మావ రాజ్" (మా ఊళ్ళో మా రాజ్యం) అని అరిచాం, గొంతులు పోయాయి. ఇంత దూరం దేశాల కథలు చెప్పారు, మా దగ్గర చేయగలిగింది ఏమైనా ఉందా?

మీ పక్కనే ఉంది. గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో మెంఢా లేఖా, సుమారు వంద కుటుంబాల గోండు గ్రామం. వాళ్ళ నినాదం: ఢిల్లీ, ముంబైలో మా సర్కార్ ఉంది, మా ఊళ్ళో మేమే సర్కార్. అక్కడ ఓట్లు వేసి గెలిచిన పక్షం మాట చెల్లించుకోరు. ఒక్కరు ఒప్పుకోకపోయినా మళ్ళీ కూర్చుంటారు. సభకి ముందు చిన్న చిన్న అధ్యయన బృందాల్లో చట్టాలు, లెక్కలు చదువుకుంటారు, బయటి నిపుణుడొస్తే విని పంపేస్తారు, నిర్ణయం మాత్రం సభదే. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం సాధించారు. తర్వాత కూడా వెదురు కొట్టి అమ్ముకోవడానికి అటవీ శాఖ అడ్డుపడితే పట్టు వదలలేదు, 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఊరికొచ్చి రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికిచ్చారు. 2013లో ఊరి వాళ్ళు తమ సొంత భూములు కూడా గ్రామదాన్ చట్టం కింద గ్రామసభకి రాసిచ్చారు. ఆ గ్రామదాన్ వినోబా భావే భూదాన్ నుంచి వచ్చింది, భూదాన్ 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో మొదలైంది. పోచంపల్లిలో అది దొర ఇచ్చిన దానంగా మొదలైతే, గోండులు దాన్ని ఊరంతా కలిసి చేసుకున్న నిర్ణయంగా మార్చారు.

మీరు చేయగలిగింది: మీ గూడేన్నే ఒక గ్రామసభగా కూర్చోబెట్టండి, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ఆవాసం స్థాయిలో సభకి అవకాశం ఇస్తుంది, పెద్ద పంచాయతీ మీటింగ్ కోసం ఆగక్కర్లేదు. అటవీ హక్కుల కమిటీ వేసుకోండి, అందులో ఆడవాళ్ళు పేరుకి కాకుండా పనికి ఉండాలి. వ్యక్తిగత పట్టాలకి ఆగిపోకుండా సామూహిక అటవీ వనరుల హక్కు కోసం అటవీ హక్కుల చట్టం కింద ఫారం సి నింపండి. మీ అడవి హద్దులు, వాగులు, దేవుళ్ళ చోట్లు, ఇప్పపూవు ఏరే చోట్లు, పశువుల బాటలు ముసలివాళ్ళతో కలిసి నడిచి పటం గీయించుకోండి. దరఖాస్తు ఇచ్చినప్పుడు తారీఖు వేసిన రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగకండి. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి, అప్పీలుకి 60 రోజులుంటాయి.